క్రీమ్ రంగు సీట్లు

టెక్కలి మెయిన్ రోడ్డులో రంగులూ హార్డ్‌వేరూ అమ్మే ప్రమోద్ చేతికి మసి అంటగా చూసినవాళ్లు లేరు. తాతల నాటి కొట్టు అది. గల్లా పెట్టె వెనక కుర్చీ, కుర్చీ వెనక గోడకి దేవుడి పటాలు, నెత్తి మీద ఫ్యాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున అక్కడ కూర్చున్నాడంటే భోజనానికి తప్ప లేచేవాడు కాదు. మేకులు తూచడం, డబ్బాలు దించడం పనివాళ్ల వంతు. ఉన్నదాన్ని ఉందనడం, ఇవ్వడం ఇష్టం లేనిదాన్ని లేదనడం అతని వంతు. ఆ రెండో పని అతనికి మరీ బాగా వచ్చు. "అయిపోయిందండీ, లోడు రాగానే ముందు మీకే ఫోను చేస్తాను" అని ఎంత మెత్తగా అనేవాడంటే, అడిగినవాడు తనకేదో మేలు జరిగిందనుకుంటూ మెట్లు దిగేవాడు.

అలాంటి మనిషి నలభై దాటాక కారు కింద దూరాడు.

ఆ కారు నౌపడలో దొరికింది. ఉప్పు వ్యాపారం మానుకున్న ఒకాయన షెడ్డులో, టార్పాలిన్ కింద, నాలుగు టైర్లూ గాలి పోయి నేలకి అతుక్కుని ఉంది. ఫియట్ పాలియో. చూడడానికి చిన్న కుటుంబం కారే గానీ దాంట్లో పెట్టింది పెద్ద కారుకి పెట్టాల్సిన ఇంజిన్. ప్రమోద్ విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో స్నేహితుడి అన్న ఒకాయన అతన్ని అలాంటి కారులోనే భీమిలి రోడ్డు మీద ఒకసారి తిప్పాడు. మూడో గేరులో ఆయన కాలు అదిమితే ప్రమోద్ వీపు వెళ్లి సీటుకి అంటుకుపోయింది. ఆ తర్వాత తండ్రి పోయాడు, కొట్టు మీద పడింది, బిందుతో పెళ్లయింది. ఊళ్లో తిరగడానికి స్కూటరు, సరుక్కి ట్రాలీ ఆటో ఉంటే ఇంక కారెందుకనుకుంటూ ఏళ్లు గడిచాయి. ఆ వీపు మాత్రం ఆ సీటుని మర్చిపోలేదు.

కారుని ట్రాలీ మీద ఎక్కించి తెచ్చి ఇంటి వెనక గోడౌనులో పెట్టాడు. ఉప్పు గాలి దాన్ని కింద నుంచి తినేసింది. కాళ్ల కింద రేకు పట్టుకుంటే బిస్కెట్టులా విరిగింది. ఫోనులో వీడియోలు చూసి ఒక్కొక్క బోల్టూ విప్పడం నేర్చుకున్నాడు. రేకు పని వెల్డింగు షాపు వాళ్లు చేసిపెట్టారు. ఇంజిన్ పైభాగం తనే విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. మొదటిసారి స్టార్టయిన రోజున మసి చేతులతోనే వంటింట్లోకి వెళ్లి బిందుని బయటికి లాక్కొచ్చాడు. ఆమె చెవులు మూసుకుని నవ్వింది.

అన్నీ దొరికాయి గానీ ముందువైపు బంపరు దొరకలేదు. పాతది నాలుగు ముక్కలైపోయింది. కంపెనీ ఆ కారు ఆపేసి చాలా కాలమైంది. అప్పుడు ఆ పనిలోకి జోగయ్య వచ్చాడు.

జోగయ్యది భావనపాడు. ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాడు. ఇప్పుడు ఒడ్డునే ఉండి, పగిలిన ఫైబర్ తెప్పలకి అతుకులు వేస్తాడు. దానికి కావాల్సిన రెజిన్, ఫైబర్ మేటు ప్రమోద్ కొట్లోనే కొనేవాడు. ఒకరోజు సరుకు కోసం వచ్చి, కొట్టు వరండాలో పడున్న బంపరు ముక్కలు చూసి కూర్చున్నాడు.

"ఇదేటి బాబూ?"

"కారు ముక్కు. ఎక్కడా దొరకలేదు."

"దొరకడమేటి, సేసుకోవాల. తెప్పకి ముక్కు కట్టట్లేదేటి? నాకిచ్చీయండి, సూస్తాను."

ముక్కల్ని అతికించి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులోంచి కొత్త బంపరు తీశాడు. పాతదాని కంటే కొంచెం కిందికి, గాలిని కోసే పెదవితో. ప్రమోద్ గీసి చూపిస్తే అలాగే వచ్చింది. ఆ రోజు మొదలు జోగయ్య ఖాళీ దొరికినప్పుడల్లా గోడౌనులో ఉండేవాడు. దుమ్ము పడకుండా చుట్టూ తడి గోనెలు కట్టి ఇద్దరూ కలిసి కారుకి ముదురు ఎరుపు రంగు కొట్టారు. పొట్టి స్ప్రింగులు వేసి కారుని నేలకి దగ్గరగా దించారు. ఇంజిన్ బలం అంతా చక్రాలకే పోవాలని ఏసీ మొత్తం పీకేశారు. బిందు జోగయ్యని "అన్నయ్యా" అనేది. అతను ఆమెని "సెల్లెమ్మా" అనేవాడు. ఆ లెక్కన 'బాబు' కాస్తా ఎప్పుడో 'బావ' అయిపోయాడు. ప్రమోద్ కూడా అతన్ని బావా అనే పిలిచేవాడు. కొట్లో పనివాళ్లు మొదట్లో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు గానీ తర్వాత వాళ్లకీ అలవాటైంది.

జోగయ్య బిందు చేతి వంట ఎన్నోసార్లు తిన్నాడు. ప్రమోద్ మాత్రం జోగయ్య ఇంటికి వెళ్లలేదు. రమ్మని అడగకపోలేదు. "మా అమ్మ నిన్ను సూడాలంటంది బావా" అని జోగయ్య రెండు మూడుసార్లు అన్నాడు. ఒకసారి భావనపాడు వరకూ వెళ్లి, సముద్రం ఒడ్డున తెప్పల దగ్గరే నిలబడి కొబ్బరి బొండం తాగి, కొట్లో పనుందని వచ్చేశాడు. ఎండబెట్టిన చేపల వాసనకి తల తిరిగింది. ఆ సంగతి జోగయ్యకి తెలియనివ్వకపోవడం మర్యాద అనుకున్నాడు.

అన్నిటికన్నా ఆఖర్న సీట్లు వచ్చాయి. విశాఖపట్నంలో తోలుపని చేసే అతని దగ్గర కుట్టించాడు. క్రీమ్ రంగు తోలు, ఎర్ర దారం కుట్టు. ముందు సీటు మీట నొక్కితే మంచంలా వెనక్కి వాలుతుంది. వాటిని బిగించేటప్పుడు జోగయ్య కూడా ఉన్నాడు. పట్టాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడ్డానికి చేతులు తుడుచుకుని ఒక్కసారి కూర్చుని, వెంటనే లేచాడు. ప్రమోద్ ఆ సీట్ల మీది ప్లాస్టిక్ తీయలేదు. కారెక్కినప్పుడల్లా ఆ కొత్త తోలు వాసన గట్టిగా పీల్చేవాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే జోగయ్య తల్లి, పేరు తాతమ్మ, వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. జోగయ్య తల్లి దగ్గరే ఉండిపోయాడు. ప్రమోద్ ఫోను చేసి పరామర్శించాడు. ఏం కావాలన్నా అడగమన్నాడు కూడా.

ఒక బుధవారం పొద్దున కొట్టు తెరిచి దీపం పెడుతుండగా జోగయ్య ఫోను చేశాడు.

"బావా, అమ్మని రేపు ఇంటికి పంపీస్తారట. ఆటోలో కూకోలేదు, కుదుపుకి పేణం పోతాది. నీ కారు ముందు సీటు ఎనక్కి వాల్తాది కదా. రేపు పొద్దున ఒక్కపాలి రాగలవేటి?"

శ్రీకాకుళం నుంచి భావనపాడు. ఆ దూరమంతా ప్రమోద్ కళ్లముందు ఒక్కసారి గడిచింది. తాతమ్మని అతను చూడలేదు గానీ అలాంటివాళ్లని చిన్నప్పటి నుంచీ చూశాడు. తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి వీధుల్లో చేపలు అమ్మే ఆడవాళ్లని. తట్టలోంచి కారిన నీళ్లు భుజాల మీద ఎండిపోయి ఉండేవి. వాళ్లు అరుగు మీద కూర్చుని లేచి వెళ్తే నాన్నమ్మ ఆ అరుగు కడిగించేది. ఆ క్రీమ్ రంగు సీటు, దాంట్లోకి ఇంకిపోయే వాసన, ఇంక జన్మలో పోని వాసన. ఇదంతా ఆలోచన కూడా కాదు. చెయ్యి వేడి గిన్నెకి తగిలితే వెనక్కి వచ్చినట్టు నోట్లోంచి మాట వచ్చేసింది.

"అయ్యో బావా, గేరుబాక్సు దింపీసాను. బండి స్టాండు మీదున్నాది. ముందే తెలిస్తే దింపకపోదును."

సరుకు లేదని చెప్పేటప్పటి ఆ మెత్తని గొంతే. అదే బాధ, అదే మర్యాద. అంత బాగా వచ్చింది.

అవతల జోగయ్య కంగారుగా అన్నాడు. "అదేటి, ఏటయినాది? సప్పుడొచ్చిందేటి? నువ్వొక్కడివే ఎత్తీకు బావా, బరువు. అమ్మని నానెలాగో తెచ్చుకుంటాను గానీ, రేపు సందేళకి నీకాడికొస్తాను. ఇద్దరం కలిసి సూద్దాం."

వద్దని చెప్పడానికి ప్రమోద్ నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? అప్పటికే జోగయ్య ఫోను పెట్టేశాడు.

ఆ పూట బేరాలు ఏం చేశాడో అతనికి తెలీదు. గోడౌనులో కారు నాలుగు కాళ్ల మీదా చక్కగా నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రమే బైపాసు దాకా తిప్పి తెచ్చాడు. రేపు జోగయ్య వచ్చేసరికి దాని గేరుబాక్సు కింద ఉండాలి. మధ్యాహ్నం భోంచేసి, పడుకుంటానని చెప్పి, పాత లుంగీ కట్టుకుని గోడౌనులోకి వెళ్లాడు. ముందు చక్రాలు విప్పాడు. ఆయిలు తీశాడు. ఏ లోపమూ లేని గేరుబాక్సు బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు.

బిందు టీ పట్టుకొచ్చి గుమ్మంలో ఆగింది. "నిన్న బాగానే తిరిగిందన్నారు కదా?"

"కొంచెం సౌండొస్తోంది." కారు కింద ఉన్నాడు కాబట్టి మొహం చూపించాల్సిన పని లేకపోయింది.

ఆమె టీ అక్కడ పెట్టి వెళ్లింది. తర్వాత కాసేపటికే జాకీ పక్కకి ఒరిగింది. గేరుబాక్సు అతని చేతుల్లోంచి జారి సిమెంటు నేల మీద పడింది. పాక్కుంటూ బయటికి వచ్చి టార్చి వేసి చూస్తే, ఇంజిన్‌కి బిగించే చెవి దగ్గర అల్యూమినియం డొప్ప నిలువునా పగిలి ఉంది.

అప్పుడు అతనికి ముందుగా కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇప్పుడింక ఇది అబద్ధం కాదు, బండి నిజంగానే పాడైంది, ఎవరొచ్చి చూసినా కనిపిస్తుంది. నేల మీద చేతులానించి కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. ఏ సంగతికి సంతోషించాడో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తెలిశాక టీ తాగబుద్ధి కాలేదు.

మర్నాడు సాయంత్రం జోగయ్య చెప్పినట్టే వచ్చాడు. రెండు వారాల గడ్డం, నలిగిన లుంగీ, ఒంటి నిండా ఐసు పెట్టెల తడి వాసన.

"అమ్మగారు బాగా వచ్చారా?" అంది బిందు.

"వొచ్చింది సెల్లెమ్మా. మా ఊరి నూకయ్య ఐసు బండి సికాకులం నుంచి కాళీగా వస్తంటే దాంట్లో పరుపేసి తెచ్చీసాను. థర్మాకోలు పెట్టెల మద్దిన. కూకోలేదు, పడుకోబెట్టి అటో సెయ్యి ఇటో సెయ్యి పట్టుకున్నాను. గోతిలో పడ్డప్పుడల్లా నా సెయ్యి కొరికీసింది." చెయ్యి చూపించి నవ్వాడు. బొటనవేలి కింద పళ్ల గుర్తులు నల్లగా ఉన్నాయి. "సలిగా ఉన్నాదిరా, సచ్చినోళ్లని ఇలగే తీసుకెల్తారు అంటది. దారంతా అదే మాట."

ప్రమోద్ ఆ పళ్ల గుర్తుల వైపు చూడలేక పానాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు.

జోగయ్య చొక్కా విప్పి గేరుబాక్సు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పగులు మీద వేలు పెట్టి రాశాడు. "నానుండుంటే ఇలగ జరిగీది కాదు. ఒక్కడివే సేసీసావు." అతని గొంతులో తప్పు చేసినవాడి బాధ ఉంది. తల్లి దగ్గర ఉండిపోవడం వల్ల బావ కారు పగిలిందన్న బాధ. "బెంగపడకు. విశాపట్నం ఆర్బరులో బోటు ఇంజన్లకి ఆర్గాన్ వెల్డింగు సేసే మనిషి ఉన్నాడు, నాకు తెలుసు. దీనికి అతుకు కనబడదు."

"నేను పట్టుకెళ్తానులే బావా."

"నీకు కొట్టున్నాది. నువ్వెల్తే వారం తిప్పుతాడు. నానెల్తే దగ్గిర కూకుని సేయించీసుకుంటాను."

గోనెసంచిలో డొప్ప మూటగట్టుకుని, మర్నాడే నౌపడ స్టేషనులో బండెక్కి వెళ్లాడు. మంచం మీదున్న తల్లిని ఇరుగుపొరుగుకి అప్పగించి వెళ్లాడు. చెప్పినట్టే అతుకు కనబడకుండా చేయించి తెచ్చాడు. ఆ వెల్డింగు అతను తనకి పాత బాకీ పడ్డాడని చెప్పి జోగయ్య ప్రమోద్ దగ్గర డబ్బు తీసుకోలేదు. ప్రమోద్ ఆ రెండు మూడు రోజుల్లో ఎన్నిసార్లు నిజం చెప్పేద్దామనుకున్నాడో. కొట్లో కూర్చుని మాటలు పేర్చుకునేవాడు. తీరా జోగయ్య ఎదురుగా వచ్చి "పదమూడు నెంబరు పానా ఇలగందుకో బావా" అంటే అందుకునేవాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి గేరుబాక్సు ఎక్కించారు. కారు స్టార్టయింది. గేర్లు వెన్నలో పడ్డట్టు పడుతున్నాయి. జోగయ్య మొహం వెలిగిపోయింది. బిందు వరండాలో ఇద్దరికీ పెసరట్లు వేసి పెట్టింది. జోగయ్యకి రెండోది వడ్డిస్తూ, మాటల్లో మాటగా అంది.

"ఈయనకి ఎప్పుడేం తోస్తుందో తెలీదన్నయ్యా. బుధవారం మధ్యాహ్నం వరకూ బండి బంగారంలా ఉంది. భోంచేసి పడుకుంటానన్న మనిషి వెళ్లి విప్పేసి కూర్చున్నారు. ఆ రోజు ఆ పని పెట్టుకోకపోతే అమ్మగారు సుఖంగా కారులో వచ్చుండేవారు."

జోగయ్య చెయ్యి పళ్లెంలో ఆగింది.

"మద్దేన్నమా?" అన్నాడు.

"ఒంటిగంట దాటాక."

అతను ఫోను చేసింది పొద్దున. ప్రమోద్ దీపం పెడుతున్నప్పుడు. జోగయ్య తల తిప్పి ప్రమోద్‌ని చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లెక్క తప్పిందేమో, నువ్వు సరిచెయ్యి అన్నట్టు చూశాడు.

"అదికాదు బావా," అన్నాడు ప్రమోద్. "ఇంజిన్ కొత్తగా కట్టాం కదా, అంత దూరం పోతే వేడెక్కిపోతుందేమోనని..." తన గొంతు తనకే వినబడింది. మళ్లీ ఆ కొట్లో గొంతే.

జోగయ్య పళ్లెంలో ఉన్నది వదలకుండా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. తన సుత్తీ, రంపం బ్లేడూ గుడ్డలో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఎల్లొస్తాను సెల్లెమ్మా" అన్నాడు. తర్వాత ప్రమోద్ వైపు తిరిగి, "ఎల్లొస్తాను బాబూ" అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి బిందు లోపలికి వచ్చింది. "ఎందుకు?" అని ఒక్క మాటే అడిగింది.

"సీట్లు," అన్నాడు.

ఆమెకి అర్థమైంది. ఆమె పుట్టింట్లోనూ అరుగులు కడిగించేవాళ్లే. పళ్లాలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం, "నన్ను కూడా అబద్ధంలో నిలబెట్టారు, అన్నయ్య నా గురించి ఏమనుకుంటాడు" అంది.

తర్వాత జోగయ్య కొట్టుకి రాలేదు. రెజిన్ కోసం నూకయ్యని పంపేవాడు. నూకయ్య మామూలుగానే నవ్వి, కావాల్సింది తీసుకుని పోయేవాడు. అతనికి తెలుసో లేదో, అదీ అర్థమయ్యేది కాదు. ప్రమోద్ ఎవరికైనా సరుకు లేదని చెప్పాల్సివస్తే నాలుక తడబడేది. నిజంగా లేనప్పుడు కూడా లోపలికి రండి, మీరే చూసుకోండి అనేవాడు. పనివాళ్లు వింతగా చూసేవాళ్లు. కారు మీద గుడ్డ కప్పేశాడు. ఆ ఇంజిన్ చప్పుడు విందామన్న కోరికే పోయింది.

చివరికి ఒకరోజు కొట్టు పనివాళ్లకి వదిలేసి భావనపాడు వెళ్లాడు. స్కూటరు మీద వెళ్లాడు. కారు చప్పుడు ఊళ్లో అందరికీ వినబడుతుందని.

జోగయ్య ఇల్లు అడిగి తెలుసుకోవాల్సివచ్చింది. రేకుల వసారాలో నులక మంచం మీద తాతమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఇనప నడక స్టాండు. చిన్న మనిషి, తెల్లటి జుట్టు, చెవులకి పెద్ద రంధ్రాలు.

"ఎవులు?"

"టెక్కలి రంగుల కొట్టు ప్రమోద్‌నమ్మా."

"కారు బాబువా. కూకో. మావోడు ఒడ్డుకాడున్నాడు, పిలిపించమంటావేటి?"

"వద్దమ్మా. మీ దగ్గరికే వచ్చాను." కూర్చోలేదు. "ఆ రోజు నా బండి బాగానే ఉంది. పాడైందని అబద్ధం చెప్పాను."

"తెలుసు. మావోడు సెప్పినాడు. ఇంజను ఏడెక్కుతాదన్నావట." ఆమె అతని చొక్కా గుండీల నుంచి చెప్పుల దాకా తీరిగ్గా చూసింది. "వాసనొస్తాదనే కదా బాబూ?"

కాదనడానికి ప్రమోద్‌కి ఇక్కడ ఆ మెత్తని గొంతు రాలేదు. వసారా మూల చేపల తట్ట ఒకటి బోర్లించి ఉంది. దాని వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నా వాసన నాకు తెల్దేటి?" అంది తాతమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు. "బస్సెక్కితే పక్కనున్నోళ్లు అవతలికి జరుగుతారు. మనువాడి ఈ ఇంటికొచ్చి తట్ట ఎత్తుకున్న కాణ్నుంచి సూస్తన్నాను. నువ్వూ జరిగినావు. నాకు కొత్తేటి? మావోడికే కొత్త. నువ్వు జరగవనుకున్నాడు."

సముద్రం వైపు నుంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆమె కాలు సర్దుకోబోయి పళ్లు బిగబట్టింది. అతను సాయం పట్టాలో వద్దో తెలియక సగం వంగి ఆగిపోయాడు.

"సోమారం మల్లీ ఆసుపత్రికి రమ్మన్నారు," అంది. "తీసుకెల్తావేటి?"

"తీసుకెళ్తానమ్మా."

"మావోడికి నాను సెప్తాను. నువ్వు పొద్దున్నే రా. ఎండెక్కితే నాను పడలేను."

సోమవారం బయల్దేరే ముందు సీట్ల మీది ప్లాస్టిక్ తీసేయాలా ఉంచాలా అని గోడౌనులో చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. ఉంచితే ఆమె వాసన కోసమే ఉంచాడనుకుంటుంది. తీస్తే, చూశావా నీ కోసం తీశాను అని చూపించుకున్నట్టవుతుంది. బిందు వచ్చి ఒక్క మాటా అనకుండా దాన్ని చించి చుట్టచుట్టి బయట పడేసింది.

భావనపాడులో కారు ఆగేసరికి వీధిలో అందరూ బయటికి వచ్చారు. జోగయ్య తల్లిని చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. ప్రమోద్ తలుపు తీసి సీటు వెనక్కి వాల్చాడు. ఆమెని కూర్చోబెట్టబోతుంటే ఆపి, చంకలో ఉన్న పాత చీర తీసి, "ముందు ఇది పరుసు" అంది కొడుకుతో.

"అక్కర్లేదమ్మా," అన్నాడు ప్రమోద్. "అలాగే కూర్చోండి, పర్లేదు."

"నీ సీటుకి కాదు నాయినా. నున్నగా ఉన్నాది, జారిపోతాను."

అది నిజమో, తన కోసం చెప్పిన మాటో అతనికి తెలియలేదు. జోగయ్య చీర పరిచాడు. ఆమెని కూర్చోబెట్టి, నడక స్టాండు తీసుకుని తను వెనక ఎక్కాడు. అద్దంలో అతని మొహం కనబడుతోంది. అతను బయటికి చూస్తున్నాడు.

కారుని కిందికి దించిన ఫలితం ఆ రోజు తెలిసింది. రోడ్డు మీది ప్రతి గొయ్యీ ఆమె నడుముకి తగులుతోంది. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా అడుగు గీసుకుంటోంది. రెండో గేరు దాటకుండా, ఎద్దుబండికి దారి ఇచ్చుకుంటూ పోయాడు. నౌపడ ఉప్పు మడుల మీద అప్పుడే ఎండ కాస్తోంది. అద్దాలు మూసి ఉన్నాయి. ఏసీ పీకేసిన కారు పెనంలా కాలుతోంది. చెమట అతని కళ్లల్లోకి కారుతోంది. అద్దం దించుదామని స్విచ్ మీద వేలు పెట్టాడు. దించితే ఏమనుకుంటుంది? వాసనకి తట్టుకోలేక దించాడనుకోదూ? వేలు వెనక్కి తీసుకున్నాడు. నిజానికి కారులో వాసనేమీ లేదు. కొబ్బరినూనె, ఆసుపత్రి మందు, అంతే. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. జోగయ్య కూడా వెనక మొహం తుడుచుకుంటున్నాడు గానీ అద్దం దించలేదు. ముగ్గురూ అలా ఉడికిపోతూ హైవే దాకా వచ్చారు.

"ఒరే నాయినా," అంది తాతమ్మ చివరికి, "ఉక్కకి సచ్చిపోతన్నాను. అద్దం దించుతావా నేదా?"

ప్రమోద్ నాలుగు అద్దాలూ దించాడు. గాలి దూసుకొచ్చి ఆమె చీర కొంగు అతని భుజం మీదికి ఎగిరింది. దాన్ని అలాగే ఉండనిచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని, "ఇప్పుడు బాగున్నాది" అని, కాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయింది.

హైవే బాగుంది. కారు మూడో గేరులో మెత్తగా పోతోంది. చాలా దూరం వెళ్లాక వెనక నుంచి జోగయ్య మొదటిసారి మాట్లాడాడు.

"ఎడం పక్క ఏదో సప్పుడొస్తంది."

ప్రమోద్ చటుక్కున అద్దంలోకి చూశాడు. "అవును, నేనూ వింటున్నాను. ఏటంటావు?"

జోగయ్య ముందుకు వంగి కాసేపు విన్నాడు. ఏదో చెప్పబోయినట్టే ఉంది. తర్వాత వెనక్కి వాలి కిటికీ వైపు తిరిగాడు.

"ఎవులికేనా సూపించండి బాబూ," అన్నాడు.

"సరే," అన్నాడు ప్రమోద్. ఆమె నిద్ర చెడకుండా కారుని ఎడమ పక్కగా నెమ్మదిగా పోనిచ్చాడు.